బ్లాందీనా కథ స్త్రీల కూడికలో ఎలా చెప్పాలి

మా చీపురుపల్లి వైపు స్త్రీల కూడికల్లో ఎవరినైనా కథ చెప్పమంటే రూతు, ఎస్తేరు, హన్నా, మార్త మరియ, ఇక్కడే తిరుగుతుంటారు, అవి వాక్యంలో ఉన్నవి కాబట్టి ఎన్నిసార్లు చెప్పినా తప్పు లేదు, కానీ చాప మీద కూర్చున్నవాళ్ళని ఒక్కసారి చూడండి. సగం మంది పొద్దున్న నాలుగిళ్ళలో అంట్లు తోమి బట్టలుతికి వచ్చినవాళ్ళు, కొందరు జూట్ మిల్లులో షిఫ్ట్ దిగి వచ్చినవాళ్ళు, మా చుట్టాలుండే పలాస వైపైతే జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆ జీడికి వేళ్ళు నల్లగా కాలిపోయినవాళ్ళు. అలాంటి మనిషి కథ మన సంఘ చరిత్రలో ఒకటుంది. బైబిల్లో కాదు, అపొస్తలుల కాలం అయిపోయిన తర్వాత, 177వ సంవత్సరంలో జరిగింది. ఆవిడ పేరు బ్లాందీనా, లియోన్ అనే ఊళ్ళో ఒకింట్లో బానిస. ఈ కథ నేను చాలా ఊళ్ళలో చెప్పాను, మొదట్లో తప్పుగా చెప్పాను కూడా, ఆ తప్పులు ఇంకొకరు చెయ్యకుండా, ఎలగ చెప్తే ఆ గదిలో వాళ్ళకి అందుతుందో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ముందు మీరు తెలుసుకోవాల్సింది, ఈ కథ మనకి ఎక్కడి నుంచి వచ్చింది అని. ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "ఇది నిజంగా జరిగిందా అప్పా, లేకపోతే ఎవరైనా అల్లిన కథా" అని, అప్పుడు తడబడకూడదు. లియోన్, దాని పక్కన వియెన్ అనే ఊరు, ఈ రెండు ఊళ్ళ సంఘాలు ఆ హింస అయిపోయాక ఒక పెద్ద ఉత్తరం రాశాయి, ఆసియా, ఫ్రుగియ ప్రాంతాల్లో ఉన్న సంఘాలకి, అంటే ఈ రోజు టర్కీ ఉన్న చోటుకి. ఎందుకు అంత దూరం రాశారంటే లియోన్ విశ్వాసుల్లో చాలామంది అక్కడి నుంచి వలస వచ్చినవాళ్ళే. అత్తలుస్ అనే ఆయనది పెర్గము, అలెగ్జాండర్ అనే వైద్యుడిది ఫ్రుగియ. ఇది మనవాళ్ళకి చిటికెలో అర్థమవుద్ది, మన శ్రీకాకుళం జిల్లా వాళ్ళు పని కోసం వెళ్ళని ఊరుందా, అక్కడ ఏదైనా జరిగితే ముందు ఊరికే కదా ఫోన్ చేస్తారు, అలాంటిదే ఆ ఉత్తరం అని చెప్పండి. తర్వాత నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్పు యూసేబియస్ తన సంఘ చరిత్ర ఐదో పుస్తకంలో ఆ ఉత్తరాన్ని చాలా భాగం అలాగే ఎత్తి రాశాడు, అందుకే ఈ రోజు మన చేతిలో ఉంది. బ్లాందీనాని కళ్ళారా చూసినవాళ్ళు, ఆవిడతో పాటు ప్రార్థన చేసినవాళ్ళు రాసిన మాటలు ఇవి, ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోండి.

కథ ఎప్పుడు పెట్టుకోవాలంటే, కేథలిక్ సంఘాల్లో జూన్ 2న ఆవిణ్ణి, ఆవిడతో చనిపోయినవాళ్ళని తలుచుకుంటారు, బాప్టిస్టు లూథరన్ సంఘాల్లో ఆ అలవాటు లేదు కానీ ఆ వారం చెప్తే తప్పేముంది. ఆ రోజుల్లో మన వైపు ఎండ ఎలగుంటుందో తెలుసు కదా, మధ్యాహ్నం పెట్టకండి, సాయంత్రం ఆరున్నర తర్వాత, ఆరుబయట చాపలేసుకుని. మైకు వద్దు. ఇది మైకులో చెప్పే కథ కాదు, పక్కన కూర్చుని చెప్పాల్సింది, ముప్పై మంది దాటితే రెండు రోజులు పెట్టుకోండి. మొత్తం నలభై నిమిషాలు, అంతకంటే సాగదీస్తే ఇంటి దగ్గర వంట చెయ్యాల్సినవాళ్ళు లేచిపోతారు, వాళ్ళ తప్పు కాదు.

ఇంకొకటి, ఊ కొట్టే మనిషిని ఒకరిని పెట్టుకోండి. జముకుల కథలో చూడండి, కథ చెప్పేవాళ్ళ పక్కన వంత పాడేవాళ్ళుంటారు, ఊ అంటారు, మధ్యలో అడుగుతారు, ఆ అడగడం వల్లే వినేవాళ్ళకి కథ ఎక్కుతుంది. మన జిల్లాల్లో పుట్టిన పద్ధతి అది, దేవుడి కథకి వాడుకుంటే నాకైతే మహా ఇష్టం. నా పక్కన ఒక పిన్ని కూర్చుంటుంది, ఆవిడకి చదువు రాదు, కానీ ఎక్కడ "అయితే ఆ యజమానురాలేం చేసింది" అని అడగాలో ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

మొదలు ఎలా పెట్టాలి. నేను రొదేతో మొదలుపెడతాను, అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం, ఆ పిల్ల అందరికీ తెలుసు. పేతురు జైలు నుంచి బయటపడి వచ్చి తలుపు కొడితే చూడ్డానికి వచ్చిన పనిపిల్ల, గొంతు గుర్తుపట్టి సంతోషంలో తలుపు తియ్యడం కూడా మర్చిపోయి లోపలికి పరిగెత్తింది, లోపలున్న పెద్దలందరూ నీకు పిచ్చి పట్టింది అన్నారు. పేతురు కోసం ప్రార్థన చేస్తున్నవాళ్ళే అన్నారు ఆ మాట! ఇక్కడ ఒక నిమిషం ఆగండి. మీరు పనిచేసే ఇంట్లో మీరు నిజం చెప్తే ఎవరైనా నమ్మకుండా పోయారా అని అడగండి. ఒక్కరైనా నోరు విప్పుతారు, ఏదో ఉంగరం పోయిందనో, పాలు విరిగాయనో, ఏదో ఒకటి. అది చెప్పనివ్వండి, తొందరపెట్టకండి, ఎందుకంటే బ్లాందీనా కథంతా పనిమనిషి మాట మీదే నడుస్తుంది.

తర్వాత ఊరు చూపించాలి. లియోన్ ఈ రోజు ఫ్రాన్స్‌లో ఉంది, అప్పుడు దాన్ని లుగ్దునుం అనేవారు, రోమా వాళ్ళ పాలనలో ఉన్న గాల్ అనే దేశంలో పెద్ద పట్నం. రోన్, సోన్ అని రెండు నదులు కలిసేచోట ఉంటుంది. వంగర దగ్గర మన సంగం ఉంది కదా, నాగావళిలో సువర్ణముఖి, వేగవతి వచ్చి కలిసేచోట, శివరాత్రికి జనం ఎలగ పోతారో అందరూ చూసినవాళ్ళే, అలాంటి చోట ప్రతి ఏటా ఆగస్టు 1న గాల్ జాతులన్నీ చేరి చక్రవర్తి పేరు మీద పండగ చేసేవాళ్ళని చెప్పండి. వియెన్ అక్కడికి ఒక ముప్పై కిలోమీటర్లు, విజయనగరం నుంచి చీపురుపల్లి అంత. అప్పటి చక్రవర్తి మార్కస్ అరేలియస్, బాగా చదువుకున్నవాడని పేరు, అయినా ఆయన పాలనలోనే ఇది జరిగింది. పేర్లు ఇంతకంటే ఎక్కువ చెప్పకండి, రోమా చరిత్ర క్లాసు అయిపోతుంది.

ఇప్పుడు అసలు కష్టమైన మాట, బానిస. ఇది నేను చాలా రోజులు సరిగ్గా చెప్పలేకపోయాను. దాసి అంటే మన తెలుగులో వేరే చెడ్డ అర్థం వచ్చేస్తుంది, పనిమనిషి అంటే చాలా తేలికైపోతుంది, ఎందుకంటే పనిమనిషి నెలాఖరుకి జీతం తీసుకుంటుంది, ఇష్టం లేకపోతే మానేస్తుంది. మన పెద్దవాళ్ళకి కంబారితనం తెలుసు, ఏడాదికి ఇన్ని ధాన్యం అని మాట్లాడుకుని ఒక రైతు దగ్గర ఉండిపోవడం, అప్పు తీరకపోతే కొడుకు కూడా అక్కడే ఉండిపోవడం. అది గుర్తు చేసి, దానికంటే కూడా కిందది బానిసతనం అనండి. ఆ మనిషి ఒంటి మీద ఆ మనిషికే హక్కు లేదు, కొన్నవాడిదే, పుట్టిన పిల్లలు కూడా యజమానివే. ఇంకో సంగతి తప్పకుండా చెప్పండి, రోమా కోర్టులో బానిస చెప్పిన సాక్ష్యం చెల్లాలంటే హింసపెట్టి చెప్పించాలి, మామూలుగా చెప్తే లెక్కలోకి రాదు. స్వతంత్రుడి మాటకి ఒక విలువ, బానిస మాటకి దెబ్బలు పడితేనే విలువ. ఇది విన్నాక ఆ చాపల మీద ఎంత నిశ్శబ్దం వస్తుందో మీరే చూస్తారు.

అప్పుడు కథలోకి రండి. హింస ఒక్కసారి మొదలవ్వలేదు. ముందు విశ్వాసుల్ని ఇళ్ళలోకి రానివ్వలేదు, స్నానశాలలకి రానివ్వలేదు, బజారుకి రానివ్వలేదు, తర్వాత తిట్టడం, రాళ్ళు వెయ్యడం, తర్వాత పట్టుకెళ్ళి జైల్లో పెట్టడం. అక్కడ ఒక పుకారు పెద్దదైంది. క్రైస్తవులు రహస్యంగా కూడుకుని పిల్లల్ని చంపి తింటారని, వావి వరసలు లేకుండా తిరుగుతారని. ఈ పుకారుకి బలం ఎవరిచ్చారో తెలుసా, క్రైస్తవుల ఇళ్ళలో పనిచేసే, విశ్వాసం లేని బానిసలు. వాళ్ళని కూడా పట్టుకున్నారు, పక్కవాళ్ళకి జరుగుతున్న హింస చూసి భయపడిపోయి, సైనికులు ఏం చెప్పమంటే అది చెప్పారు. వాళ్ళ మీద కోపంగా చెప్పకండి. నేను ఒకసారి గొంతు పెంచి చెప్పాను, వెనక కూర్చున్న ఒక ముసలామె మెల్లిగా అంది, "కొడితే చెప్పరా మరి" అని. ఆ మాట నిజం. ఆ రోజు నుంచి నేను వాళ్ళ గురించి చెప్పేటప్పుడు జాలిగానే చెప్తాను.

ఆ పుకారు మధ్యలో ఇంకో బానిస నిలబడింది, అది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కథ మొత్తానికి మేకు ఇక్కడే కొట్టాలి. అదే ఊరు, అదే హింస, అదే బానిసతనం. కొందరు భయానికి అబద్ధం చెప్పారు, ఒకామె చెప్పలేదు.

ఇక బ్లాందీనా మొదటిసారి వచ్చే చోటు. ఉత్తరంలో ఇది చాలా చిన్న ముక్క, చాలామంది దాటేస్తారు, నాకైతే మొత్తం కథలో ఇదే ప్రాణం. బ్లాందీనా యజమానురాలు కూడా విశ్వాసే, ఆవిణ్ణి కూడా పట్టుకున్నారు. ఆ యజమానురాలు, మిగిలిన విశ్వాసులు అందరూ బ్లాందీనా గురించి భయపడ్డారు, ఎందుకంటే ఆమె ఒళ్ళు బలహీనం, హింసపెడితే తట్టుకోలేదు, క్రీస్తుని ధైర్యంగా ఒప్పుకోలేకపోతుంది, పడిపోతుందేమో అని. ప్రేమతోనే భయపడ్డారు, కానీ ఆవిడ మీద నమ్మకం లేదు. మనం కూడా అంతే కదా, కూడికలో ప్రార్థన చెయ్యమని ఎవరిని పిలుస్తాం, చీర బాగున్నావిడనే పిలుస్తాం, వెనక గోడకి ఆనుకుని కూర్చున్నావిణ్ణి ఎప్పుడైనా పిలిచామా. ఈ మాట కొంచెం కటువుగా ఉంటుంది, అయినా చెప్పండి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకే చెప్పండి.

అప్పుడు ఏం జరిగిందంటే, పొద్దున్న నుంచి సాయంత్రం దాకా హింసించారు, హింసించేవాళ్ళు అలిసిపోయి వంతులు మార్చుకున్నారు, చివరికి మాకు ఇంకేం చెయ్యాలో తెలియట్లేదు అని వాళ్ళే ఒప్పుకున్నారు. ఆవిడ మాత్రం ఒక్క మాటే తిరిగి తిరిగి చెప్పింది, నేను క్రైస్తవురాలిని, మా దగ్గర ఏ చెడ్డ పనీ జరగదు. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆవిడకి సేద తీరినట్టు, నొప్పి తెలియనట్టు ఉండేదని ఉత్తరం రాసినవాళ్ళు అంటారు. ఈ వాక్యాన్ని రెండు ముక్కలుగా విడదీసి చెప్పండి. మొదటి ముక్క తన గురించి. రెండో ముక్క తన సంఘం గురించి. పిల్లల్ని తింటారు, వావి వరసలు లేవు అని ఊరంతా అంటుంటే, ఆ ఇంటి లోపలి సంగతి తెలిసిన పనిమనిషి, కొడితేనే చెల్లే సాక్ష్యం ఉన్న మనిషి, కొట్టినా సరే అదే చెప్పింది, మా దగ్గర అలాంటివి జరగవు అని. రోమా వాళ్ళ చట్టం ప్రకారమే చూసినా అంతకంటే గట్టి సాక్ష్యం ఉంటుందా! ఇంట్లో ఏం జరుగుతుందో యజమాని కంటే పనిమనిషికే ఎక్కువ తెలుసు, ఇది చాప మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు, మీరు వివరించక్కర్లేదు.

దీని పక్కనే సాంక్తుస్ ముక్క ఒకటి పెట్టండి, చిన్నగా. ఆయన వియెన్ సంఘంలో డీకన్, అంటే సంఘ పరిచారకుడు. నీ పేరేంటి అంటే పేరు చెప్పలేదు, ఏ ఊరంటే ఊరు చెప్పలేదు, బానిసవా స్వతంత్రుడివా అంటే అదీ చెప్పలేదు, అన్నిటికీ లాటిన్ భాషలో ఒకే జవాబు, నేను క్రైస్తవుణ్ణి. ఈయనా అదే మాట, ఆవిడా అదే మాట. గలతీయులకు 3:28 దాసుడని స్వతంత్రుడని లేదు అని మనం ఎన్నిసార్లు చదివుంటాం, ఇక్కడ అది జైల్లో జరిగింది.

బిబ్లిస్ గురించి కూడా చెప్పండి, దయచేసి వదలకండి. ఆవిడ ముందు క్రీస్తుని కాదంది. కాదన్నావిడే కదా అని ఇంకా హింసపెడితే క్రైస్తవుల మీద చాడీలు చెప్తుందనుకున్నారు, కానీ ఆ హింసలో ఆవిడకి నిద్ర నుంచి లేచినట్టయింది, జంతువుల నెత్తురు కూడా ముట్టని వాళ్ళు పిల్లల్ని ఎలా తింటారు అని ఎదురు అడిగింది, నేను క్రైస్తవురాలినే అంది. మేక నెత్తురు వండుకోవడం మానేసిన కుటుంబాలు మన సంఘాల్లో బోలెడు, కాబట్టి ఈ ముక్క వాళ్ళకి ఎక్కడో తగులుతుంది. బిబ్లిస్‌ని ఎందుకు చెప్పాలంటే, మీ ముందు కూర్చున్నవాళ్ళలో భర్తకి భయపడో అత్తకి భయపడో కొన్నాళ్ళు సంఘానికి రాకుండా ఉండిపోయినవాళ్ళుంటారు. బ్లాందీనా ఒక్కదాని కథే చెప్తే వాళ్ళు తల దించుకుంటారు. మొదట్లో ఒక పదిమంది దాకా కాదన్నారని ఉత్తరంలో ఉంది, కాదన్నా వాళ్ళని వదల్లేదు, హంతకులని జైల్లోనే పెట్టారు, నిలబడినవాళ్ళు వాళ్ళని ఈసడించలేదు, తల్లిలాగా ఏడ్చి ప్రార్థన చేశారు, తర్వాత వాళ్ళలో ఎక్కువమంది తిరిగి వచ్చారు. బిషప్పు పొతినుస్‌కి తొంభై ఏళ్ళు పైన, ఊపిరి ఆడని మనిషి, దెబ్బలు తిని రెండు రోజుల్లో జైల్లోనే పోయాడు, ఆయన గురించి ఒక్క వాక్యం చాలు.

రెండోసారి బ్లాందీనా కనిపించేది మైదానంలో, జనం చుట్టూ కూర్చుని చూస్తుండగా మనుషుల్ని మృగాలకి వేసే చోట. ఒక కొయ్యకి వేలాడదీశారు, మృగాల్ని వదిలారు. వేలాడుతూ గట్టిగా ప్రార్థన చేస్తుంటే పక్కన పోరాడుతున్న విశ్వాసులకి ఆ సహోదరి రూపంలో వాళ్ళ కోసం సిలువ వేయబడినవాడు కనిపించాడు అని రాశారు. ఒక బానిస స్త్రీలో క్రీస్తు కనిపించాడని చదువుకున్నవాళ్ళు, గ్రీకులో ఉత్తరాలు రాయగలిగినవాళ్ళు రాశారు! ఆ రోజు ఏ మృగమూ ఆవిణ్ణి ముట్టలేదు, దించి మళ్ళీ జైలుకి తీసుకెళ్ళారు. ఇక్కడ జాగ్రత్త. వాట్సాప్‌లో తిరిగే బొమ్మల్లో సింహాలు ఆవిడ కాళ్ళ దగ్గర మోకరించినట్టు ఉంటాయి, ఉత్తరంలో అంత లేదు, ముట్టలేదు అనే ఉంది. ముట్టలేదు అన్న మాటే చాలు. మనం కలిపితే రేపు ఎవరైనా చదువుకున్న పిల్ల అది తప్పని కనిపెట్టిన రోజు మిగతా కథ కూడా అబద్ధమనుకుంటుంది. అందంగా ఉండేదని, ఇన్నేళ్ళని, ఎవరో ఆవిణ్ణి ప్రేమించారని, ఇవన్నీ కూడా ఎవరైనా చెప్తే తీసుకోకండి.

చివరి రోజు. పొంతికుస్ అనే పదిహేనేళ్ళ గుంటడు, వాడినీ ఆవిడనీ ప్రతి రోజూ తీసుకొచ్చి మిగతావాళ్ళకి జరిగేది చూపించేవారు, విగ్రహాల మీద ఒట్టు పెట్టమని. వాడు నిలబడింది ఆవిడ ఇచ్చిన ధైర్యంతోనే, అది చూస్తున్న జనానికి కూడా తెలిసింది. వాడు ముందు పోయాడు, ఆవిడ అందరికంటే చివర. పిల్లలందర్నీ ముందు రాజు దగ్గరికి పంపించి తను ఆఖర్న బయలుదేరిన తల్లి అని రాశారు ఆవిడ గురించి, పెళ్ళి విందుకి పిలిచినట్టు సంతోషంగా వెళ్ళిందని రాశారు. తర్వాత కొరడాలు, మృగాలు, కాలుతున్న ఇనప కుర్చీ, ఆఖర్న వలలో చుట్టి ఎద్దు ముందు వేశారు, తర్వాత చంపేశారు. మా ఆడవాళ్ళలో ఎవరూ ఇంత పడలేదు అని ఆ చూసిన అన్యజనులే ఒప్పుకున్నారు.

ఈ హింసల్ని ఇలాగే, ఒక వాక్యంలో చెప్పి ఊరుకోండి. నేను మొదటిసారి చెప్పినప్పుడు ఇనప కుర్చీ దగ్గర ఆగి ఆగి చెప్పాను, అందరూ ఏడుస్తున్నారు కదా, దేవుడు పనిచేస్తున్నాడనుకున్నాను, ఒక తల్లి ఒళ్ళో పడుకున్న ఆరేళ్ళ పాప ఆ రాత్రంతా నిద్రపోలేదని మర్నాడు తెలిసింది. చాలా బాధపడ్డాను. కన్నీళ్ళు తెప్పించడం వేరు, విశ్వాసం నిలబెట్టడం వేరు. ఇప్పుడు పిల్లలుంటే కొరడాలు, కుర్చీ, వల ఏవీ చెప్పను, చాలా బాధ పెట్టి చంపేశారు అంటాను, పొంతికుస్‌ని ధైర్యపరిచిన ముక్క మాత్రం పిల్లలకి నిదానంగా చెప్తాను, వాళ్ళకి అది బాగా పడుతుంది.

దానికంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. ఆ రోజుల్లో కథ చివర, "చూశారా, బ్లాందీనా అంత సహించింది, మనం ఇంట్లో చిన్న చిన్న దెబ్బలు సహించలేమా" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. రెండు నెలల తర్వాత ఒక చెల్లి నా దగ్గరికి వచ్చి చెయ్యి చూపించింది, ఎముక విరిగి సరిగ్గా అతకలేదు, మీరు చెప్పారు కదా అప్పా, అందుకే ఎవరికీ చెప్పలేదు అంది. నేను ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. కథ చెప్పబోయే ప్రతి ఒక్కరికీ చేతులు పట్టుకుని చెప్తున్నాను, బ్లాందీనా దెబ్బలు ఓర్చుకోవడం కోసం నిలబడలేదు. ఆవిడ అబద్ధం చెప్పను అని నిలబడింది, దెబ్బలు దానికి వాళ్ళు వేసిన ధర. మొగుడు తాగొచ్చి కొట్టడం, పనిచేసే ఇంట్లో జీతం ఎగ్గొట్టడం, చెయ్యి పట్టుకోవడం, వీటికి ఈ కథ తగిలించకూడదు. తగిలించాలంటే రెండో వైపు నుంచి తగిలించండి, ఆవిడ నోరు మూసుకోలేదు, జరిగింది జరిగినట్టు, జరగనిది జరగలేదని అధికారి ముందు చెప్పింది. ఇంట్లో దెబ్బలు తింటున్నవాళ్ళు కూడా చెప్పొచ్చు, ఆడవాళ్ళకి సాయం చేసే 181 ఫోన్ నంబరుంది, పక్కన మేమున్నాం అని అక్కడే, కథలోనే, అందరి ముందూ చెప్పండి. విడిగా చెప్తే అవసరమున్నావిడ అడగడానికి సిగ్గుపడుతుంది.

తర్వాత ప్రశ్నలొస్తాయి. శవాలేం చేశారని అడుగుతారు, ఆరు రోజులు బయట పడేసి, కాల్చి, బూడిద రోన్ నదిలో కలిపేశారు, పాతిపెట్టనివ్వలేదు, పునరుత్థానం మీద ఆశ లేకుండా చెయ్యాలని. ఆ చోటు ఇప్పుడుందా అంటారు, ఉంది, లియోన్‌లో క్రువా రూస్ అనే కొండ వాలులో ఆ మైదానం శిథిలాలున్నాయి, 1958లో దొరికిన శాసనంతో అది అదేనని రూఢి అయింది, మధ్యలో ఒక స్తంభం నిలబెట్టి ఉంటుంది. ఫొటో ఫోన్లో పెట్టుకుని వెళ్ళండి, చెయ్యి నుంచి చేతికి తిప్పండి, అప్పుడు ఇది ఎక్కడో జరిగిన కథ అనిపించదు.

ఫెలిసితాస్ కూడా ఈవిడేనా అని అడుగుతారు కొందరు. కాదు. ఫెలిసితాస్ కూడా బానిసే, కానీ ఆఫ్రికాలో కార్తేజ్ ఊరు, 203వ సంవత్సరం మార్చి 7, పెర్పెతువ అనే ఆవిడతో పాటు చనిపోయింది, జైల్లోనే ఎనిమిదో నెలలో ఆడపిల్లని కంది, ఆ పిల్లని ఒక సహోదరి పెంచింది. అది వేరే రోజు చెప్పుకోవాల్సిన కథ, రెండూ కలిపితే రెండూ పోతాయి. ఇంకా ముందు, సుమారు 112లో, బితూనియ గవర్నరు ప్లినీ చక్రవర్తి త్రాయానుకి రాసిన ఉత్తరంలో ఇద్దరు బానిస స్త్రీల్ని హింసపెట్టి అడిగానని రాశాడు, సంఘంలో వాళ్ళని సేవకురాళ్ళు అనేవారని కూడా రాశాడు, డీకన్ అనే మాటకి దగ్గర మాట అది. అంటే లోకంలో బానిసలు, సంఘంలో పరిచారకులు. మన దగ్గర కూడా కెనడియన్ బాప్టిస్టు మిషన్ రోజుల్లో బైబిల్ ఉమెన్ ఉండేవారు, బొబ్బిలి, శ్రీకాకుళం చుట్టుపక్కల ఇల్లిల్లూ కాలినడకన తిరిగి ఆడవాళ్ళకి వాక్యం చెప్పినవాళ్ళు, మీ ఊళ్ళో ముసలివాళ్ళనడిగితే ఎవరో ఒకరి నాయనమ్మ అయ్యుంటుంది. వాళ్ళ పేర్లు ఎవరికైనా గుర్తుంటే ఆ రోజు కూడికలో చెప్పించండి.

పేరు అన్నాను కాబట్టి, ఆఖర్న నేను చేసేది ఇది. ఆ ఉత్తరంలో బ్లాందీనా పేరు ఎన్నోసార్లు ఉంది, ఆవిడ యజమానురాలి పేరు ఒక్కచోట కూడా లేదు. యజమానురాలు కూడా విశ్వాసం కోసం నిలబడినావిడే, ఆవిణ్ణి తక్కువ చెయ్యట్లేదు, కానీ రాసినవాళ్ళు రాసి పెట్టింది పనిమనిషి పేరు. ఇది చెప్పి, ఇప్పుడు ఒక్కొక్కరూ మీ పూర్తి పేరు గట్టిగా చెప్పండి అంటాను. పనిచేసే ఇళ్ళలో పనమ్మాయి, ఏమే, ఇదిగో, ఫలానా మనిషి పెళ్ళాం, ఇవే కదా పేర్లు. మొదటిసారి చెప్పమన్నప్పుడు నాలుగేళ్ళుగా పక్కపక్కన కూర్చుంటున్న ఇద్దరికి ఒకరి పేరు ఒకరికి తెలియదని బయటపడింది. ఒకామెకి తన పేరు చెప్తుంటే గొంతు పూడుకుపోయింది, పెళ్ళయ్యాక ఎవరూ ఆ పేరుతో పిలవలేదంట. తొందర పెట్టకండి, ఇరవై మందికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలు నలభైలో ముందే తీసి పెట్టుకోండి. తర్వాత ప్రార్థన గోడకి ఆనుకుని కూర్చున్నావిడతో చేయించండి, రెండు మాటలైనా సరే, పాస్టరమ్మగారు ఉన్నా సరే ఆవిడతోనే. టీ ముందే కాచి ఫ్లాస్కులో పోసి ఉంచండి, ఆఖరి బస్సు అందుకోవాల్సినవాళ్ళుంటారు.